ఈ మూడో గ్లాసు ఎక్కణ్ణుంచి వచ్చింది?



మేము క్యాన్సర్ వార్డులో రేడియేషన్ మిషను నడిపే పనివాళ్లం. మన వాడల్లో దాన్ని 'కరెంటు పెట్టడం' అంటున్నారు. అది కరెంటు కాదు, కంటికి కనపడని కిరణం. మిషను ఆపితే కిరణమూ ఆగిపోద్ది, ఒంట్లో ఏమీ మిగలదు. అయినా ఇంటికెళ్లిన ఆడమనిషికి కంచం వేరు, గ్లాసు వేరు. పసిబిడ్డను ఎత్తుకోనివ్వరు. హోటళ్లలో రెండు గ్లాసుల మీద కొట్లాడినోళ్లం గదా, మన ఇళ్లలోకి ఈ మూడో గ్లాసు ఎక్కణ్ణుంచి వచ్చింది?

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కు మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున 25 రోజులు పైనుంచి కిరణాలు పెడతాం. ఆ తర్వాత లోపలినుంచి పెట్టేది ఉంటుంది. అంతా 8 వారాల్లోపు ముగియాలి. నడుమ మానేస్తే మిగిలిన రోగం మళ్లీ బలుస్తుంది. మానేసినోళ్లను మొండోళ్లని విసుక్కోవడం తేలిక. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్యం ఖర్చు చూసింది గాని, పోయిన కూలి ఎవరిస్తారు? పట్నంలో తలదాచుకునే చోటేది? సంఘం చెయ్యాల్సిన పని ఇక్కడుంది: వంతులవారీగా ఒక మనిషిని తోడు పంపండి, ఆమె ఇంట్లో పొయ్యి ఆరకుండా చూడండి.

ఇంకో మాట. ఒంటిమీద మేం వేసిన గీతలు చెరిగితే మీరు దిద్దొద్దు, మాకు చూపించండి.