లోతు చేపను తిరిగి వదలడం

అమెరికాలో అలబామా తీరపు కిరాయి పడవలవారికి జూన్ నెల కోతలకాలం వంటిది. మెక్సికో సింధుశాఖలో ముంచిపెట్టిన కాంక్రీటు దిబ్బలమీద వచ్చినవారిచేత ఎర్ర స్నాపరును గాలాలతో పట్టిస్తారు. 16 అంగుళాలకు తగ్గిన చేపను వదలవలెనని నియమము.

ఊరకే నీటిలో పారవేస్తే చాలదండీ. నూరడుగుల లోతునుండి లాగేసరికి దాని వాయుకోశము ఉబ్బిపోతుంది. ఇక మునగలేదు, తేలుతూ పక్షులకో, సొరలకో ఆహారమవుతుంది. యాభై ఏళ్ళు బతకగల చేప అది!

అందుకని సరంగు బరువుకట్టిన కొక్కెముతో దాన్ని మళ్ళీ అడుగుకు దించుతాడు. నీటి ఒత్తిడికి గాలి కుదించుకొని, చేప ఈదుకుపోతుంది. ఈ కొక్కెమునుగాని, గాలి తీసే సూదినిగాని పడవలో సిద్ధముగా ఉంచుకోవలెనన్న చట్టము 2022 జనవరిలో అమలులోకి వచ్చింది. సూది వాడేవారు ఒకటి చూసుకోవాలి: నోటివెంట బయటికి వచ్చేది కడుపుసంచి, దాన్ని పొడవరాదు. పక్కరెక్క వెనుకనే పొడవాలి.