ఈగ మెత్తగా వాలాలంటే

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా ఈ వేదిక మీద డి.ఏ. బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ల గురించో మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి ఆ గొడవలు పక్కనపెట్టి ఏదైనా కాలక్షేపం విషయం చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. అందుచేత చేపలు పట్టే దారానికి లీడరు కట్టడం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. లీడరంటే మన సంఘ నాయకులు కారు. దారానికీ కొక్కేనికీ మధ్య ఉండే సన్నని నైలాను ముక్కను లీడరంటారు. చేప ఎగిరి అందుకోవడమూ, బెదిరి పారిపోవడమూ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మన కాలవ గట్ల మీద గాలం వేసినవారు ఈ సభలో కొందరున్నారని నాకు తెలుసు. ఒక కర్ర, దారం, జీలుగు బెండు, సీసం గుండు, కొక్కేనికి ఎర్ర. గుండు బరువుకు దారం వెళ్ళి నీళ్ళలో పడుతుంది. నేను చెప్పేది వేరే పద్ధతి. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. గాలంతో చేపలు పట్టడం మీద ఇంగ్లండులో 1496లోనే ఒక గ్రంథం అచ్చయింది. అందులో ఈ కృత్రిమ ఈగల ప్రస్తావన కూడా ఉంది. ఎర్ర ఉండదు, గుండు ఉండదు. కొక్కేనికి ఈకలూ, నూలూ, బొచ్చూ చుట్టి నీటి మీద వాలే ఈగలాగా తయారుచేస్తారు. దానికి బరువే లేదు. కోడి ఈకను ఎంత బలంగా విసిరినా నాలుగడుగులు పోదు గదా! అందుకని బరువును దారంలోనే పెట్టారు. ఐదో నెంబరు లైనులో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగాలని లెక్క. తులానికి 180 గ్రెయిన్లు గనుక అది ముప్పాతిక తులం పైమాట. మనం విసిరేది ఆ దారాన్ని. ఈగ దాని వెంట పోతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. బరువున్న దారం లావుగా ఉండక తప్పదు. అది నీటి మీద పడితే చేపకు పైన కర్ర పడ్డట్టే. ట్రౌట్ అనే చేప మహా అనుమానపు జీవి. చల్లని, తేటనీళ్ళలో ఉంటుంది. మన దేశంలో కాశ్మీరులోనూ, హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నదిలోనూ, నీలగిరుల్లోనూ ఉంది. అన్ని చోట్లా తెల్లవారు తెచ్చి పెంచినదే. మన గోదావరి, కృష్ణా నీళ్ళ వేడికి అది బతకదు.

నేను ఈ విద్య చూసింది అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్టేట్ కాలేజ్ అనే ఊళ్ళో, మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు. 2017లో, మళ్ళీ 2019లో వెళ్ళాము. పిల్లల దగ్గరికి వెళ్ళినవారికి తెలుసు, పొద్దున ఎనిమిది దాటాక ఇంట్లో మనమూ, గోడ గడియారమూ మిగులుతాము. పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. పోస్టాఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఫైలు వాసన తెలిసిన ఇద్దరికి స్నేహం కుదరడానికి భాష పెద్ద అడ్డం కాలేదు. ఆ ఊరి పక్కనే స్ప్రింగ్ క్రీక్ అనే ఏరు ఉంది. సున్నపురాతి ఊటల నీరు, ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. 1982 నుంచి అక్కడ పట్టిన చేపను చంపకుండా నీళ్ళలో వదిలేయాలన్న నిబంధన ఉంది. లైసెన్సు కావాలి, ట్రౌట్‌కి దానిపైన వేరే పర్మిట్టు కావాలి. 65 దాటినవారికి రాయితీ ఉంది గాని, అది ఆ రాష్ట్ర నివాసులకు మాత్రమే. నేను అడిగి తెలుసుకున్నాను లెండి.

ఆయనకు చేతులు వణుకుతాయి. విసరడంలో లోటు లేదు. మోచెయ్యి, మణికట్టు ఎప్పటి అలవాటునో పట్టుకుని చక్కగా నడిచేవి. ముడి దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు మాట వినేవి కావు. సాయంకాలం ఏటి మీద పసుపుపచ్చ ఈగలు లేచే వేళకు లీడరు తెగితే ఇంక ఆ రోజు ఆట అంతే. కర్ర చంకన పెట్టుకుని వచ్చేసేవారు. అలా రెండు మూడుసార్లు చూశాక, ముడులు నేను నేర్చుకుంటానన్నాను.

లీడరు ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే ఎడ్లబండి తోలేవాని చర్నాకోల గుర్తుచేసుకోండి. పిడి దగ్గర లావు, పోనుపోను సన్నం, చివర సన్నని వారు. చెయ్యి ఊపిన ఊపు లావు నుంచి సన్నానికి జారుకుంటూ పోతుంది. లీడరూ అంతే. అయితే చర్నాకోల చివర చప్పుడు కావాలి, ఇక్కడ చప్పుడు కాకూడదు. ఊపు కొసదాకా వెళ్ళి అక్కడ అయిపోవాలి. అప్పుడు ఈగ నీటికి కాస్త పైన ఆగి, ఆకు రాలినట్టు వాలుతుంది.

ఐదో నెంబరు లైను కొస మందం అంగుళంలో వెయ్యికి 35 వంతులు దాకా ఉంటుంది. దానికి కట్టే లీడరు మొదలు అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులుండాలి, అంటే 21 వంతులు. మరీ సన్నగా ఉంటే అక్కడ కీలు పడి, ఊపు అందక, లీడరంతా కుప్పగా పడుతుంది. చివరి సన్న ముక్కను టిప్పెట్ అంటారు. దానికి ఎక్స్ నెంబర్లున్నాయి. పదకొండులోంచి ఆ నెంబరు తీసేస్తే వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5 ఎక్స్ అంటే 6 వంతులు, మన తల వెంట్రుకకు రెండింతలు. కొక్కెం నెంబరును మూడుతో భాగిస్తే ఏ ఎక్స్ కావాలో తెలుస్తుంది. 16వ నెంబరు ఈగకు 5 ఎక్స్. లెక్కల గుమాస్తాకు ఇంతకన్న ఏం కావాలి?

ఈ ఎక్స్ వెనుక ఒక కథ ఉంది. నైలాను రాకముందు లీడర్లు పట్టుపురుగు నుంచి తీసేవారు. స్పెయిన్ దేశంలో మూర్సియా ప్రాంతం దీనికి పెట్టింది పేరు. గూడు కట్టబోయే పురుగును వెనిగర్‌లో నానబెట్టి, లోపలి పట్టు గ్రంథిని బయటికి లాగి, చేతులతో సాగదీస్తే గట్టి తీగ అయ్యేది. దాన్ని ఇంకా సన్నం చెయ్యడానికి ఉక్కు రేకు కన్నాల్లోంచి లాగేవారు. ఎన్నిసార్లు లాగితే అన్ని ఎక్సులు. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్టు చూసినవారికి ఆ పురుగు ఎంతలేసిదో తెలుసు. ఒక్కొక్క తీగ బారెడు కూడా వచ్చేది కాదు. అందుకే ముక్కలు ముడివేసి లీడరు కట్టే విద్య పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత నైలాను వచ్చి పట్టుపురుగుకు సెలవిచ్చింది.

ముక్కల కొలతలకు పారిస్‌లో హోటలు నడిపిన రిట్జ్ వంశీకుడు చార్లెస్ రిట్జ్ ఒక సూత్రం చెప్పాడు. మొదలు లావుభాగం నూటికి 60, మధ్య దిగుడుభాగం 20, టిప్పెట్ 20. తొమ్మిదడుగుల లీడరులో ఇది 65 అంగుళాలు, 22, 22 అన్నమాట. దిగుడులో ఒక్కొక్క ముక్కకు రెండు మూడు వంతులకన్న తేడా ఉండరాదు. ఇక్కడ డబుల్ ప్రమోషన్లు పనికిరావు. తేడా ఎక్కువైతే ముడి జారుతుంది.

ఇక అసలు ముడి. లైనుకు లీడరు మొదలును కట్టేదాన్ని మేకు ముడి అంటారు, పూర్వం మేకు ఆసరాతో కట్టేవారు గనుక. మనం ఫైళ్ళు కుట్టిన దబ్బనమైనా సరిపోతుంది. నాకు మాత్రం ఖాళీ బాల్‌పెన్ రీఫిలు, రెండంగుళాల ముక్క, అన్నిటికన్న సుఖంగా తోచింది. లైను కొస కుడివైపు ఉండేటట్టు పట్టుకుని, దాని పక్కన ఆ గొట్టం పెట్టాలి. లీడరు మొదలును కుడి నుంచి ఎడమకు వాటి పక్కన పరచి, జానెడు కొస మిగుల్చుకోవాలి. మూడింటినీ ఎడమచేతి వేళ్ళతో నొక్కిపట్టి, ఆ కొసను వెనక్కి తిప్పి లైను మీదా, గొట్టం మీదా, లీడరు మీదా కలిపి లైను కొసవైపుగా ఐదారు చుట్లు, పక్కపక్కనే, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా చుట్టాలి. తరువాత కొసను గొట్టంలో కుడివైపు దూర్చి ఎడమవైపు తియ్యాలి. చుట్లు వదలకుండా గొట్టాన్ని మెల్లగా లాగేసి, ముడిని నాలుకతో తడిపి, రెండు కొసలూ నిదానంగా బిగించాలి. తడపకపోతే రాపిడి వేడికి నైలాను బలం తగ్గుతుంది. సరిగా పడితే చుట్లు లైను పైపూతలోకి దిగి కూర్చుంటాయి. అప్పుడు గట్టిగా గుంజి చూసి, మిగులు కొస కత్తిరించాలి.

నేను వంటింటి బల్ల మీద ఇవన్నీ పరుచుకుని కూర్చుంటే మా ఆవిడ కాసేపు చూసి, "ఏమండీ, కనకాంబరాలు కట్టడానికి ఇంత హైరానా ఎందుకు?" అని గొట్టం తీసుకుంది. మూడోసారికే ఆమె చుట్లు వరి కుప్ప కట్టినట్టు పొందికగా పడ్డాయి. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. ఆనాటి నుంచి మేకు ముడి శాఖ ఆమెది, టిప్పెట్ శాఖ నాది.

కాని మా పెద్దాయన ఇబ్బంది దీనితో తీరలేదు. ఏటి దగ్గర లీడరు తెగితే అక్కడ మేకు ముడి కట్టేదెవరు? అందుకు లూపు, అంటే ఉచ్చు, పనికొచ్చింది. 21 వంతుల నైలాను అడుగు ముక్కను లైనుకు మేకు ముడితో శాశ్వతంగా కట్టి, దాని చివర చిన్న లూపు వేశాము. ప్రతి లీడరు మొదట్లోనూ అలాంటి లూపే. లీడరు లూపును లైను లూపు మీదికి తొడిగి, లీడరు చివరను లైను లూపులోంచి దూర్చి లాగితే రెండూ చేతులు కలుపుకున్నట్టు పడతాయి. ఒకటి రెండోదాని మెడకు ఉరి బిగించినట్టు పడితే నైలాను కోసుకుపోతుంది, అది చూసుకోవాలి. లూపు పెడితే ఈగ మెత్తగా వాలదని వాదించే పండితులున్నారు. నేను ఒప్పుకోను. కీలు పడేది మందం తేడా వల్ల. లూపుకు రెండు పక్కలా ఒకే మందం ఉన్నప్పుడు అంత నష్టమేమీ నా కంటికి కనబడలేదు. ఈ మధ్య లైన్లు ఫ్యాక్టరీలోనే లూపుతో వస్తున్నాయి. పైపూత పగిలినప్పుడు మళ్ళీ మేకు ముడే గతి.

ఈగ వాలితే చాలదు. ఏటి వడి లైనును లాగితే ఈగ నీటిని గీసుకుంటూ పోతుంది, చేప వెనక్కి తిరుగుతుంది. ఆ ఊరి విశ్వవిద్యాలయంలో చేపలు పట్టడం పాఠంగా చెప్పిన జార్జ్ హార్వీ అనే ఆచార్యుడు దీనికి ఉపాయం కనిపెట్టాడు. 2008లో పోయారు. లీడరు తిన్నగా పడకూడదు, పాము నడకలా చిన్నచిన్న వంపులతో పడాలి. ఆ వంపులు సాగేదాకా ఈగ స్వేచ్ఛగా తేలుతుంది. తిన్నగా పడుతుంటే టిప్పెట్ కొంచెం పెంచాలి, కుప్పపడుతుంటే తగ్గించాలి.

సన్నం పనికొస్తుంది గదా అని మరీ సన్నం చేస్తే చేప దాన్ని తెంపుకుని, నోట్లో కొక్కెంతో పోతుంది. వదిలేయడానికే పట్టే చోట అంతకన్న అన్యాయం లేదు. పెద్దాయనకు ఈ విషయంలో చాలా పట్టింపు. 6 ఎక్స్ కట్టనిచ్చేవారు కారు.

2019లో తిరిగివచ్చే ముందు మేమిద్దరం పన్నెండు లీడర్లు కట్టాము. పైన లూపు, కింద ఈగ కూడా కట్టేసి, అట్టముక్కలకు చుట్టి, 1 నుంచి 12 దాకా నెంబర్లు వేసి, తేదీ రాసి ఇచ్చాము. ఇక ఆయన వేళ్ళు చెయ్యవలసింది లూపు తొడగడం ఒక్కటే. 2020లో కోవిడ్ వచ్చి మా ప్రయాణాలు ఆగిపోయాయి. అయినా ఆయన ఉత్తరాలు రాసేవారు. అక్షరాలు వణికినా విషయం స్పష్టం. ఏ నెంబరు కార్డు ఏ రోజు వాడారో, ఎన్ని చేపలు వచ్చాయో, ఎక్కడ తెగిందో, మన నెలవారీ రిటర్నులాగా ఉండేది. ఏడో నెంబరు టిప్పెట్ మధ్యలో తెగిందని, ముడి నిలిచిందని ఒకసారి రాశారు. మా ఆవిడ ఆ ఉత్తరం నా చేత రెండుసార్లు చదివించుకుంది.

ఇప్పుడు కూడా మా అమ్మాయి వచ్చి వెళ్ళినప్పుడల్లా ఒక డజను పంపుతున్నాము. వచ్చే నెల మళ్ళీ వస్తోంది. ఇంకా ఐదు కట్టాలి.

నైలాను, రీఫిలు ముక్కలు, లైను ముక్కలు అదిగో ఆ బల్ల మీద పెట్టించాను. టీ వచ్చేలోగా ఎవరైనా ముడి వేసి చూడవచ్చు. ఆడవారు ముందు రావలసిందిగా మా ఆవిడ కోరుతున్నది. కళ్ళజోళ్ళు మరచిపోకండి. సెలవు.