శరదృతువున డేగల లెక్క



శిబిచక్రవర్తి కథ నెఱుగనివారు లేరు. శరణు జొచ్చిన పావురమును అందఱును జ్ఞాపకముంచుకొందురు. తన ఆకలికి న్యాయమడిగిన డేగను తలచువారు అరుదు. పల్లెలలోను అంతియే. గద్దయన్నంతనే కోడిపిల్లను తన్నుకొనిపోవు దొంగ యనుటయే అలవాటు. అట్టి పక్షులను ఏటేట లెక్కించుట యెందులకు, దానివలన గ్రామమునకు కలుగు మేలేమి అనునదియే ఈ ప్రసంగ విషయము.

వానలు వెనుకబట్టి బోథ్ ప్రాంతపు నల్లరేగళ్లలో ప్రత్తి విచ్చు దినములలో, చేలమీదను గడ్డిబీళ్లమీదను నేలకు కొద్ది యెత్తున, రెక్కలు కొంచెము పైకెత్తి తేలిపోవు సన్నని పక్షిజాతి యొకటి కలదు. దానికి తెలుగున పిల్లిగద్ద యని పేరు. పందొమ్మిదవ శతాబ్దమున జెర్డన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు ఈ పేరును తన గ్రంథమున కెక్కించెను. వీనిలో ముఖ్యమైన రెండు తెగలలో మగపక్షి బూడిదవన్నెది. ఆడుపక్షి గోధుమవన్నెది, తోక మొదట తెల్లని పట్టీ కలది. ఇవి కజకిస్తాన్, రష్యా దేశముల గడ్డిమైదానములలో గ్రుడ్లు పెట్టి, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో దక్కనునకు వచ్చి, మార్చి, ఏప్రిలు నాటికి మరలిపోవును. మిడుతలు, ఎలుకలు, చిన్నపిట్టలు వీని యాహారము. జీతమడుగని కావలివాండ్రని వీనిని చెప్పవచ్చును.

వేలమైళ్లు తిరుగు పక్షులను లెక్కించుట యెట్లను సందేహము కలుగవచ్చును. పెద్దగద్దలు రెక్కలాడించి అలసిపోవు. ఎండకు వేడెక్కి పైకిలేచు గాలిలో చుట్లు తిరిగి యెత్తునకెక్కి, అచ్చటనుండి జారుచు ముందునకు సాగును. అట్టి గాలి సముద్రముపై లభింపదు గనుక అవి కొండవరుసల వెంటను, సన్నని భూభాగముల మీదను గుంపులుగా పోవును. ఆ దారిలో నొకచోట కూర్చున్నచాలు, లెక్క దొరకును.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున హాక్ మౌంటెన్ అను కొండ అట్టిది. అచ్చట శరత్కాలమున వేటగాండ్రు డేగలను తుపాకులతో కూల్చుచుండిరి. 1934లో రోజలీ ఎడ్జ్ అను మహిళ ఆ కొండను కౌలునకు తీసికొని వేట మాన్పించెను. మారిస్ బ్రౌన్ అను కావలివాడు ఆ యేడే పక్షులను లెక్కింప మొదలుపెట్టెను. ఆ పట్టికలలో తెల్లతల గద్దల పిల్లలు ఏడాదికేడాది తగ్గుచుండుట కానవచ్చెను. 1962లో రేచెల్ కార్సన్ తన సైలెంట్ స్ప్రింగ్ అను గ్రంథమున డి.డి.టి. కీడును చూపుటకు ఈ యంకెలను సాక్ష్యముగా గైకొనెను. 1972లో ఆ దేశమున డి.డి.టి. వాడుక నిషేధింపబడెను.

భారతదేశమునను ఇట్టి నిదర్శనములు కలవు. ఆముర్ డేగ యను చిన్నపక్షి సైబీరియా, చైనా ప్రాంతములనుండి ఆఫ్రికాకు పోవుచు, అక్టోబరు, నవంబరు మాసములలో నాగాలాండులోని దోయాంగు జలాశయమువద్ద లక్షలుగా దిగును. 2012లో అచ్చట ఆ పక్షులను వలలతో పట్టి విస్తారముగా చంపిరి. మరుసటియేడే పాంగ్తి గ్రామస్థులు వేట మానిరి. 2013 నవంబరులో శాస్త్రజ్ఞులు మూడు పక్షులకు ఉపగ్రహ సంకేతయంత్రములు అమర్చగా, అవి ద్వీపకల్పమును దాటి అరేబియా సముద్రముపై ఎగిరి ఆఫ్రికా చేరుట తెలిసెను.

వలసపక్షి కాకపోయినను రాబందు కథ ఈ సందర్భమున స్మరింపదగినది. 1992, 2007 సంవత్సరముల నడుమ తెల్లవీపు రాబందులు దేశమున నూటికి 99కి పైగా నశించెను. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ అను నొప్పిమందే కారణమని 2004లో తేలెను. 2006లో పశువైద్యమునకై దాని తయారీ నిషేధింపబడెను. 1990వ దశకము మొదట దారులవెంట వేటపక్షులను లెక్కించిన పట్టికలు ఉండుటచేతనే నష్టమెంతయో నిరూపింప సాధ్యమయ్యెను. బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టమీద 2013లో కనుగొనబడిన రాబందుల గూళ్లు, రాబందులు అప్పటికి ఈ సీమలో మిగిలియుండెననుటకు గుర్తు.

పిల్లిగద్దలకును ఆపద తప్పలేదు. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడు గడ్డిబీడు ఒకప్పుడు వీనికి పేరుపొందిన రాత్రిమజిలీ. దేశమందలి ఇట్టి మజిలీల ముప్పది యేండ్ల లెక్కలను కూర్చి 2018లో ప్రకటింపగా, వీని సంఖ్య తగ్గుచున్నదని తెలిసెను. గడ్డిబీళ్లు దున్నబడుటయు, పురుగుమందుల వాడుక పెరుగుటయు వీనికి ముప్పు. ప్రత్తిపై చల్లిన మందు మిడుతలోనికి, మిడుతనుండి గద్దలోనికి పోవు మార్గమున్నది. ఆ మార్గమునకు మొదట నిలిచియుండువాడు మందు చల్లు రైతే.

కావున బోథ్ వంటి గ్రామమున ఈ లెక్క వినోదము కాదు. దానికి పెద్ద సాధనములును అక్కఱలేదు. పిల్లిగద్దలు రాత్రివేళ గడ్డిలో నేలమీదనే గుంపుగా పరుండును. అట్టిచోటు దొరికినచో దానికి దూరముగా, సూర్యాస్తమయమునకు గంటన్నర ముందు కూర్చుండి, చీకటిపడువఱకు దిగుపక్షులను ఎంచవలెను. ఒకే పక్షిని రెండుమాఱులు లెక్కింపకుండుటకు, ఒకరు ఒక్క దిక్కునే చూడవలెను. తేది, కాలము, గాలి, మబ్బు, చూచినవారి సంఖ్య వ్రాయవలెను. ఏటేట అదే చోట, అవే దినములలో, అదే పద్ధతిని పాటింపవలెను. ఏమియు కనబడని సాయంకాలమున సున్న వ్రాయుట మఱువరాదు. పది పక్షుల లెక్కకెంత విలువయో, సున్నకును అంతే విలువ. సున్నలు వ్రాయని పుస్తకము అబద్ధము చెప్పును.

ఒక యేటి లెక్కవలన ఏమియు తేలదు. పదియేండ్ల లెక్క ప్రశ్న నడుగును. ఇరువదియైదేండ్ల లెక్క జవాబు చెప్పును. మనుష్యులు మాఱుదురు, ఊళ్లు విడుతురు; ఒకరు మొదలుపెట్టినదానిని మఱియొకరు సాగించుటకు నిలుకడగల చోటొకటి కావలెను. ఇరువదియైదేండ్లు నిలిచిన గ్రంథాలయమునకు మించిన చోటు గ్రామమున లేదు. ఇంతవఱకు గ్రంథాలయము ఇతరులు వ్రాసిన పుస్తకములను గ్రామస్థులచే చదివించినది. ఈ శరత్తుననే బీరువాలో ఒక తెల్లకాగితముల పుస్తకముంచి, దానికొక పెన్సిలు కట్టి, గ్రామస్థులే వ్రాయు గ్రంథమొకటి ప్రారంభింపవచ్చును.