థాయ్‌లాండ్ సారా చట్టం: రైతు నేర్చుకోవాల్సింది ఏమిటి?

(సంఘం మండల స్థాయి శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పంటకు విలువ జోడించుకోవడం ఎలా అన్న అంశం మీద మాట్లాడమని సంఘం మమ్మల్ని పిలిచింది. మేం మాత్రం థాయ్‌లాండ్ సారా గురించి మాట్లాడబోతున్నాం. నవ్వకండి, కారణం చెబుతాం.

మొన్న ఎరువుల కొట్టు దగ్గర నలుగురం కూర్చున్నాం. కొట్టు యజమాని అప్పుడే కంపెనీ ఖర్చుతో బ్యాంకాక్ చూసి వచ్చాడు. టార్గెట్ దాటించిన డీలర్లను కంపెనీలు ఇలా విదేశాలు తిప్పుకొస్తాయని మీకు తెలుసు. ఆ టికెట్టు డబ్బు ఎవరి చేలోంచి పోయిందో కూడా మీకు తెలుసు. ఆయన చెప్పాడు: "అక్కడ చట్టం గిట్టం ఏమీ లేదన్నా. బార్లో పెద్ద పెద్ద గాజు జాడీలు వరసగా పెట్టి ఉంటాయి. అందులో వేర్లు, బెరళ్లు వేసి నానబెట్టిన సారా. చిన్న గ్లాసుల్లో పోసి అమ్ముతారు. మన దగ్గరేమో నల్లబెల్లం బస్తా మోసినా పట్టుకుంటారు."

పక్కనే ఉన్న మన సంఘం కుర్రాడొకడు వెంటనే అడిగాడు: "అయితే మన ఇప్పసారా కూడా అట్లా అమ్ముకుంటే తప్పేంటి పెద్దాయనా?" ఆ రోజు మా దగ్గర సమాధానం లేదు. తర్వాత చదివాం, తెలిసినవాళ్లను అడిగాం. తేలిందేమిటంటే, చట్టం లేదన్న మాట శుద్ధ తప్పు. చట్టం ఉంది, గట్టిగానే ఉంది. అది ఎవరి కోసం గట్టిగా ఉందన్నదే మనం చూడాల్సిన సంగతి.

ముందు ఆ జాడీ గురించి చెప్పుకుందాం. దాన్ని వాళ్లు 'యా డాంగ్' అంటారు. యా అంటే మందు, డాంగ్ అంటే ఊరబెట్టినది. ఊరబెట్టిన మందు అన్నమాట. మన భాషలో కూడా మందు అంటే రెండర్థాలూ ఉన్నాయి కదా, అక్కడా అంతే. బియ్యంతో కాచిన తెల్లసారాను వాళ్లు 'లావ్ ఖావ్' అంటారు. అందులో మూలికలు వేసి వారాల తరబడి ఊరబెడతారు. ఒళ్లునొప్పులకని కూలీలు తాగుతారు, బాలింతలకు ఇచ్చే అలవాటూ ఉండేది. రోడ్డు పక్క బండ్ల మీద జాడీలకు ఎర్రగుడ్డ కట్టి పెడతారు. తాగినవాడికి నంజుకోను పుల్లటి కాయ ముక్క ఇస్తారు. పేదవాడి పానీయం అది. ఈ పదేళ్లలో బ్యాంకాక్ పెద్ద బార్లు దాన్ని పట్టుకుని, సంప్రదాయ పానీయమని పేరుపెట్టి టూరిస్టులకు అమ్ముతున్నాయి. మన డీలరు చూసింది దాన్నే.

ఇలా అమ్మడం చట్టప్రకారం సరైనదేనా? దీన్ని మూడు ముక్కలుగా విడదీసి చూడాలి.

మొదటిది, ఇంట్లో కాచిన సారా. లైసెన్సు లేకుండా కాస్తే నేరం. 1950 నాటి సారా చట్టంలోనే ఆ మాట ఉంది. 2017లో దాని స్థానంలో కొత్త ఎక్సైజ్ చట్టం తెచ్చారు, శిక్ష పెంచారు. లైసెన్సు లేకుండా కాచినవాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా లక్ష బాట్ల దాకా జరిమానా, లేదా రెండూ. ఒక బాట్ మన డబ్బుల్లో రెండు రూపాయల పైమాటే. సుంకం కట్టని సారా అమ్మినవాడికి జరిమానా వేరు. కాబట్టి బారువాడు పల్లెలో ఎవరో కాచిన సారా డబ్బాలో తెచ్చి పోస్తే కాచినవాడూ ముద్దాయే, పోసినవాడూ ముద్దాయే. బారుకు అమ్మకం లైసెన్సు ఉన్నా ఆ లైసెన్సు ఈ సారాను కాపాడదు.

రెండోది, సుంకం కట్టి, ముద్ర ఉన్న సీసా కొని అందులో బారువాడే మూలికలు నానబెట్టడం. ఇది చాలామందికి తెలియదు. వ్యాపారం కోసం అమ్మకందారు సారాలో మరో సారా గాని, నీళ్లు గాని, ఇంకే వస్తువు గాని కలిపి మార్చకూడదని చట్టం చెబుతుంది. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. తాగేవాడు అడిగితే, అప్పటికప్పుడు తాగడానికి కలిపి ఇవ్వొచ్చు. అంటే గిరాకీ వచ్చి అడిగాక నిమ్మరసం, సోడా కలిపి ఇస్తే తప్పు లేదు. ముందే జాడీల్లో ఊరబెట్టి పెట్టుకుంటే చట్టం మాట ప్రకారం తప్పే. మన డీలరు చూసిన జాడీల్లో చాలా వాటి కథ ఇదే అయి ఉండొచ్చు. అధికారులు చూసీ చూడనట్టు పోతారు, అంతే. చూసీ చూడకపోవడం హక్కు కాదు. ఎప్పుడు చూడాలనుకుంటే అప్పుడు చూస్తారు.

మూడోది, లైసెన్సున్న బట్టీలోనే మూలికలు కలిపి, సుంకం కట్టి, ముద్ర వేయించి సీసాలో అమ్మడం. ఇది పూర్తిగా చట్టబద్ధం. ఆ సీసా ఏ బారైనా కొనుక్కోవచ్చు. కానీ దాన్ని రోగం తగ్గించే మందని చెప్పి అమ్మితే మూలికా ఉత్పత్తులకు 2019లో తెచ్చిన వేరే చట్టం కిందికి పోతారు. గొప్పలు చెప్పి ప్రచారం చేస్తే 2008 నాటి మద్యం నియంత్రణ చట్టం ఉంది. దాని కింద ప్రకటనలకు ఐదు లక్షల బాట్ల దాకా జరిమానా రాసి పెట్టారు.

అయితే మూడో దారిలో పోవచ్చు కదా, రైతు లైసెన్సు తీసుకోవచ్చు కదా అంటారు మీరు. అసలు మెలిక అక్కడే ఉంది.

2022 దాకా అక్కడ బీరు తయారుచేయాలంటే కోటి బాట్ల మూలధనం ఉన్న కంపెనీ కావాలి. మన లెక్కలో రెండు కోట్ల రూపాయల పైచిలుకు. చిన్న బారులో తయారుచేసుకోవాలన్నా ఏడాదికి లక్ష లీటర్లకు తగ్గకూడదు. పెద్ద ఫ్యాక్టరీ అయితే ఏడాదికి కోటి లీటర్లు. తెల్లసారా పెద్ద ఎత్తున కాయాలంటే రోజుకు 90,000 లీటర్లు కాయగల ఫ్యాక్టరీ ఉండాలి. ఆలోచించండి. ఇది ఎక్కువ కాయొద్దని పెట్టిన హద్దు కాదు, తక్కువ కాయొద్దని పెట్టిన హద్దు! తాగుడు తగ్గించాలనుకునే ప్రభుత్వం ఎక్కడైనా ఇట్లాంటి హద్దు పెడుతుందా? ఫలితం ఏమయింది? బీరు మార్కెట్లో తొంభై శాతం పైగా రెండే కంపెనీల చేతిలో ఉంది. వరి పండించే రైతులు లక్షల్లో ఉన్నారు, వరితో పానీయం అమ్మే హక్కు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందికే ఉంది.

రైతులు ఊరుకోలేదు. ఈశాన్య థాయ్‌లాండ్‌లో జిగురుబియ్యం వండి, పిండి ఉండల్లో ఉంచిన పులుపుతో ఊరబెట్టి 'సాతో' అనే పానీయం చేస్తారు. పండుగకూ నాట్లకూ అది ఉండాల్సిందే. దాన్ని దొంగసారా అని పోలీసులు కుండలు పగలగొడుతుంటే పల్లెలు తిరగబడ్డాయి. 2001 తర్వాత రైతు సంఘాలకు, సహకార సంఘాలకు ముందు ఊరబెట్టిన పానీయాలకు, 2003 నాటికి తెల్లసారాకు అనుమతి వచ్చింది. అయితే ఐదు హార్స్‌పవర్ లోపు యంత్రం, ఏడుగురి లోపు పనివాళ్లు అన్న షరతు పెట్టారు. బతకనిచ్చారు గాని ఎదగనివ్వలేదు.

ఉత్తరాన ఫ్రే జిల్లాలో స-ఇయబ్ అని ఒక ఊరుంది. అక్కడ కాగే తెల్లసారా దేశమంతా పేరు పొందింది. ఆ ఊరికి ఇంకో పేరు కూడా ఉంది. తమ భూమినీ టేకు అడవినీ ముంచే కేంగ్ సుయా టెన్ ఆనకట్టను దశాబ్దాల పాటు అడ్డుకుని నిలిచిన ఊరది. ముంపు గ్రామాల బాధ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. భూమి కోసం నిలబడిన ఊరే తన చేతివృత్తికి లైసెన్సు తెచ్చుకుని, ప్రభుత్వానికి సుంకం కట్టి, తలెత్తుకు బతుకుతోంది.

పట్నంలోనూ ఒక ఘటన జరిగింది. 2017 జనవరిలో తావోపిఫోప్ లిమ్‌జిత్రాకోర్న్ అనే యువకుడిని ఇంట్లో బీరు చేశాడని పట్టుకుని జరిమానా వేశారు. అతను 2019 ఎన్నికల్లో గెలిచి పార్లమెంటుకు వెళ్లాడు. చిన్న ఉత్పత్తిదారుకు దారి తెరిచే బిల్లు పెట్టాడు. 2022 జూన్‌లో అది మొదటి దశ దాటింది. అదే ఏడాది నవంబర్ 2న చివరి ఓటింగులో 194 మంది అనుకూలం, 196 మంది వ్యతిరేకం. రెండు ఓట్లతో పోయింది! సరిగ్గా ముందురోజు మంత్రివర్గం తన సొంత నిబంధనలు ప్రకటించింది. కోటి బాట్ల షరతు తీసేశారు. చిన్న బట్టీలు యాభై హార్స్‌పవర్, యాభై మంది పనివాళ్ల దాకా పెరగవచ్చన్నారు. ఇంటి వాడకానికి పర్మిట్ తీసుకుని ఏడాదికి 200 లీటర్ల దాకా చేసుకోవచ్చన్నారు, కానీ ఒక్క చుక్క కూడా అమ్మకూడదు. ఉద్యమం తలుపు తడితే ప్రభుత్వం కిటికీ తెరిచిందన్నమాట. బిల్లు ఓడినా ఒత్తిడి ఓడలేదు. 2025 జనవరిలో దిగువసభ ఇదే దారిలో మరో సవరణను భారీ మెజారిటీతో ఆమోదించింది.

ఇక్కడి దాకా విని మీరు చప్పట్లు కొట్టబోతున్నారు. ఆగండి. రెండో వైపు కూడా చూడాలి.

2024 ఆగస్టులో బ్యాంకాక్ శివార్లలో యా డాంగ్ బండ్ల దగ్గర తాగిన పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. కొందరు చనిపోయారు. ఆ సారాలో మిథనాల్ కలిసింది. అంతకు రెండు నెలల ముందే మన పక్క రాష్ట్రం తమిళనాడులో కళ్లకురిచ్చిలో అదే మిథనాల్ 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. బియ్యమో బెల్లమో ఊరబెడితే ఇంత విషం పుట్టదు. ఫ్యాక్టరీల్లో వాడే చవక స్పిరిట్ తెచ్చి లాభం కోసం కలిపితే వస్తుంది. వాసనలో, రుచిలో మామూలువాడు తేడా పట్టలేడు. అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపు తీస్తుంది, తర్వాత ప్రాణం తీస్తుంది. మూలికల ఘాటు ఉన్న జాడీలో అయితే కల్తీ దాక్కోవడం ఇంకా తేలిక. పోయింది ఎవరు? చవగ్గా దొరుకుతుందని తాగిన కూలీలు. కాబట్టి పరీక్ష వద్దు, ముద్ర వద్దు, ఎవరికి తోచింది వాళ్లు అమ్ముకోనివ్వండి అనే వాదన మాది కాదు.

ఇంకో సంగతి. ఈ ప్రసంగం రాసుకుంటూ మా ఊరి మహిళా సంఘం అక్కకు వినిపించాం. ఆమె అంది: "సారా కంపెనీలో కాగితే ఏంటి, పెరట్లో కాగితే ఏంటి? తన్నులు తినేది ఆడదే కదయ్యా." మేం నోరెత్తలేకపోయాం. మా నాయన ఎకరం పావు సారా దుకాణం బాకీ కిందే పోయింది. మా అమ్మ మెడలో పసుపుతాడు తప్ప ఏమీ మిగల్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడింది ఊరికే కాదు. ఆ పోరాటంతో 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో నిషేధం సడలింది. ఊరి సారా పోయిన చోట సీసా మందు వచ్చి కూర్చుంది, బెల్టు షాపు వచ్చింది. ఆడవాళ్ల గెలుపును కంపెనీలు తినేశాయి.

అందుకే ఆ కుర్రాడికి ఇప్పుడు మా సమాధానం ఇది.

తమ్ముడూ, ఒకటి. ఇక్కడ లైసెన్సు లేకుండా సారా కాస్తే, అమ్మితే కేసవుతుంది. థాయ్‌లాండ్‌లోనూ అవుతుంది. డీలరు మాట నమ్మి కొంప ముంచుకోకు.

రెండు. ఇప్పపువ్వు చిన్నతరహా అటవీ ఉత్పత్తి. దాని మీద షెడ్యూల్డ్ ప్రాంత గ్రామాలకు హక్కుంది. అక్కడ మత్తు పానీయాలను నిషేధించాలా, నియంత్రించాలా అన్నది తేల్చడంలో గ్రామసభకు అధికారం ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఆ గ్రామసభలో ఆడవాళ్లు కూర్చుని ఏం తేలిస్తే దానికి మన సంఘం కట్టుబడాలి. ఆదాయం లెక్క మగవాళ్లు చెబితే, ఖర్చు లెక్క ఆడవాళ్లు చెబుతారు. రెండూ విన్నాకే నిర్ణయం.

మూడు. ఇది సారాకే పరిమితమైన పాఠం కాదు. గానుగ నూనె, బెల్లం, పాలు, విత్తనం, దేనికైనా ప్రభుత్వం లైసెన్సు షరతు పెట్టినప్పుడు మనం ఒకే ప్రశ్న వేయాలి. ఈ షరతు తినేవాడి ఆరోగ్యాన్ని కాపాడుతోందా, లేక పెద్ద కంపెనీ మార్కెట్‌ను కాపాడుతోందా? శుభ్రత ఉండాలి, పరీక్ష చేయించాలి, కల్తీ ఉంటే శిక్ష వేయాలి అంటే ఒప్పుకుందాం. రైతుకు అందుబాటులో పరీక్షా కేంద్రం పెట్టమని మనమే అడుగుదాం. కోట్ల మూలధనం ఉండాలి, ఇన్ని వేల లీటర్లకు తగ్గొద్దు అంటే మాత్రం అది ఆరోగ్యం మాట కాదు. అక్కడ కోటి బాట్లు, రోజుకు 90,000 లీటర్లు అనే అంకెలు ఏ రోగాన్నీ ఆపలేదు. రైతును ఆపాయి.

వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి గ్రామ శాఖా ఒక పని చేసుకు రావాలి. మీ ఊరి పంటతో ఏదైనా తయారుచేసి అమ్ముదామంటే ఏ కాగితం దగ్గర ఆగిపోతున్నారో రాసుకుని రండి. ఆ కాగితాలన్నీ ఒకచోట పెట్టి చదువుదాం. మహిళా సభ్యులను తప్పకుండా వెంటబెట్టుకు రండి. వాళ్లు లేకుండా ఈ విషయం మీద తీర్మానం పెట్టేది లేదు.

సెలవు.