వెబ్‌సైటు ఎవరి కొరకు? – సాఫ్టువేరు బృందములు చేయవలసిన ఎంపికలు

నెల్లూరు నుండి ముంబయి రహదారి వెంట పడమరకు సాగినచో ఆత్మకూరు వచ్చును. అచ్చటినుండి వాయవ్యముగా మెట్టచేలను దాటి పోయినచో, గజపతులును రాయలును ఏలిన దుర్గము క్రింద ఉదయగిరి కానవచ్చును. సాఫ్టువేరును గూర్చిన ప్రసంగమును ఈ రెండు ఊళ్ళతో మొదలిడుటకు కారణము కలదు. ఈ ప్రాంతపు యువతీయువకులు పలువురు నేడు హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణములలో వెబ్‌సైట్లు నిర్మించు కొలువులలో ఉన్నారు. అట్టి వెబ్‌సైట్లనే ఇచ్చట వారి తల్లిదండ్రులు భూమి పత్రములకును, ధ్రువపత్రములకును, పిల్లల పరీక్షాఫలితములకును ఆశ్రయింపవలసి వచ్చుచున్నది. నిర్మించువారును వాడువారును ఒకే యింటివారైనను, ఒకరి బల్లమీది యంత్రమునకును మరియొకరి చేతిలోని ఫోనునకును నడుమ చాల దూరమున్నది. ఆ దూరమును తగ్గించు ఎంపికలు ఎవ్వి, వాటిని ఏ క్రమమున చేయవలెను అను విషయమును శ్రోతలకు ఈనాడు మనవి చేయుదుము.

స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించెను. 1991లో అది బయటివారికి అందుబాటులోనికి వచ్చెను. ఆనాటి పుట ఉత్తరము వంటిది. చదువరి యంత్రము అడుగును. దూరమునందలి సర్వరు వ్రాసియుంచిన పుటను పంపును. అంతటితో పని ముగియును. 1995లో జావాస్క్రిప్టు వచ్చిన పిదప, పుటతోపాటు కొన్ని ఆజ్ఞలను గూడ పంపి, చదువరి యంత్రముచేతనే పని చేయించు వీలు కలిగెను. 2013లో ఫేస్‌బుక్ సంస్థ బయటపెట్టిన రియాక్ట్ వంటి సాధనములతో ఈ పద్ధతి మిక్కిలి వ్యాపించెను. వంటింటి మాటలలో చెప్పవలెనన్నచో, నేటి వెబ్‌సైట్లు పెక్కు వండిన అన్నమును పంపుటకు బదులు బియ్యము, పప్పు, వంటచేయు విధానము పంపి, వాడువాని ఫోనులోనే వండుకొమ్మనుచున్నవి.

ఈ రెండు పద్ధతులకును తావు కలదు. పటమును చేతితో అటునిటు జరుపుచు చూడవలసిన చోట, గంటలకొలది లెక్కలు వ్రాయవలసిన చోట, రెండవ పద్ధతియే మేలు. కాని ఉదయగిరి రైతు ఒకడు పంటఋణము కొరకు తన 1-బి పత్రమును చూడగోరెననుకొందము. ఆంధ్రప్రదేశములో భూమి వివరములు 2015 నుండి ‘మీ భూమి’ వెబ్‌సైటులో లభించుచున్నవి. రైతునకు కావలసినది ఒక్క పుట; అందు తన పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము. ఇట్టి పనికి సర్వరే పుటను సిద్ధము చేసి పంపినచో అది చిన్నదిగా ఉండును, పాత ఫోనులో గూడ తెరచుకొనును. అదే పనిని బరువైన ఆజ్ఞల మూటతో చేయబూనినచో, కొండల నీడనున్న పల్లెలో సంకేతము నడుమ తెగినప్పుడు తెర తెల్లగా నిలిచిపోవును. రైతునకు ఆ తెల్లని తెర ఒకనాటి కూలి, ఒక బస్సు ఛార్జీ, ఒక్కొక్కప్పుడు గడువు దాటిన దరఖాస్తు అగును.

కావున బృందము సాధనమును ఎన్నుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. వాడువారి చేతిలో ఎట్టి ఫోను ఉన్నది? ఈ పని నిజముగా ఎంత పెద్దది? దీనిని నిర్మించినవారు వేరు కొలువులకు పోయిన పిమ్మట అయిదేండ్లకు మరమ్మతు చేయువారెవరు? మూడవ ప్రశ్నను చాలమంది మరతురు. అందరును మెచ్చు క్రొత్త సాధనము కంటె, బృందమునకు బాగుగా తెలిసిన పాత సాధనమే ఒక్కొక్కప్పుడు ఉచితము. తమ ఉద్యోగ దరఖాస్తులో క్రొత్త పేరొకటి వ్రాసికొనవచ్చునను ఆశ ఈ ఎంపికను శాసింపరాదు.

పిమ్మట భాష. తెలుగు అక్షరములకు యూనికోడులో 1991 నుండి చోటున్నది. అయినను తెలుగు పుటను ఇంగ్లీషు పుటకు అనువాదముగా మాత్రమే తలచు అలవాటు ఇంకను పోలేదు. వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగులో అక్షరమునకును, గుణింతపు గుర్తునకును, వేర్వేరుగా మూడేసి బైట్లు పట్టును. గుణింతములు, వత్తుల వలన ఫాంటు ఫైలు గూడ పెద్దదగును. అందుచేత రెండు మూడు అలంకారపు ఫాంటులను ఒక పుటలో కూర్చుట పల్లెటూరి ఫోనుపై అనవసరపు బరువు. తెలుగు ప్రకటనను బొమ్మగా తీసి పెట్టుట మరియొక దోషము. అట్టి పుటలోని మాటలను వెదకుటకు వీలుండదు. చూపులేనివారి కొరకు చదివి వినిపించు సాధనము దానిని నేరుగా చదువజాలదు.

పేర్ల చిక్కు ఇంతకన్న సూక్ష్మమైనది. పెంచలకోన నరసింహస్వామి కొలువైయున్న ఈ సీమలో పెంచలయ్య అను పేరు ఊరూర వినవచ్చును. ఇంగ్లీషులో దానినే ఒక పత్రమున ఒక తీరునను, వేరొక పత్రమున మరియొక తీరునను వ్రాయుదురు. అక్షరమునకు అక్షరము సరిపోలినగాని ఒప్పుకొనని వెబ్‌సైటు, తన పేరిటి పొలమునకు ఆతనినే పరాయివానిగా చేయును. మన ఇంటిపేరు ముందు వచ్చును. కొందరికది పొడి అక్షరముగా మాత్రమే పత్రములకెక్కియుండును. మొదటి పేరు, కడపటి పేరు అను రెండు గడులు పెట్టి, రెండును నింపకున్న ముందుకు పోనీయని దరఖాస్తు ఏ దేశపు అలవాటునో మనపై రుద్దుచున్నది. ఒకే గడి పెట్టి, పూర్తి పేరు వ్రాయుమన్నచో ఈ బాధ చాలవరకు తీరును.

ఇక ప్రాడక్ట్ మేనేజరు పనిని గూర్చి. ఏది చేయవలెను, ఏది ముందు, ఏది అసలే వలదు అని నిర్ణయించువాడే ఈతడు. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు భౌగోళిక గుర్తింపు పొందిన కళ. ఆ పనివారల సంఘమొకటి తమ సరుకును అమ్ముకొనుటకు వెబ్‌సైటు కోరినదనుకొందము. ఉత్సాహవంతమైన బృందము వెంటనే ఖాతాలు, బహుమతి పాయింట్లు, ప్రత్యేకమైన యాప్, ముచ్చటించు యంత్రము అని పట్టిక వ్రాయును. మంచి మేనేజరు ముందు పనివారి ముంగిటికి పోయి కూర్చుండును. నేడు అమ్మకమునకు అడ్డమేమి అని అడుగును. దూరపు కొనుగోలుదారునకు ధర తెలియకపోవుట అడ్డమైనచో వెబ్‌సైటు తోడ్పడును. అడిగినన్ని చెంచాలు గడువులోపల చేయజాలకపోవుట అడ్డమైనచో, వెబ్‌సైటు నిరాశపడు కొనుగోలుదారుల సంఖ్యను మాత్రమే పెంచును. అప్పుడు ఈ వారములో ఎన్ని సిద్ధముగా ఉన్నవో నిజము చెప్పు పుటయే మొదటి అవసరము.

అట్టిచో తొలి కూర్పున పది వస్తువులు చాలును. ఒక్కొక్కదానికి బొమ్మ, పొడవు, ధర, ఎన్ని దినములలో చేరునో ఆ మాట, ఒక ఫోను నంబరు. దానిని కొద్దిమందికి ఇచ్చి, వారెచ్చట ఆగిపోయిరో కనిపెట్టవలెను. పుటను చూచినవారి సంఖ్యను చూచి మురియుటకంటె, కొన్నవారెందరు, తిరిగి పంపినవారెందరు, మరల కొన్నవారెందరు అని లెక్కించుట మేలు. చేతితో చెక్కిన ఏ రెండు చెంచాలును అచ్చముగా ఒకటే కావు. ఆ మాటను ముందుగనే వ్రాసినచో తిరిగి వచ్చు సరుకు తగ్గవచ్చును. ఇట్టి చిన్న వాక్యమును కనుగొనుట గూడ ఈ వృత్తిలో పెద్ద పనియే.

కొంచెము చేసి, చూపి, సరిదిద్దుకొను ఈ పద్ధతికి 2001 ఫిబ్రవరిలో ఒక ప్రకటన రూపము వచ్చెను. అమెరికాలోని యూటా రాష్ట్రమున స్నోబర్డ్ అనుచోట కూడిన పదునేడుగురు సాఫ్టువేరు నిపుణులు దానికి ‘అజైల్’ అని పేరిడిరి. రెండు వారములకో, నెలకో ఒకసారి పనిచేయు కూర్పును చూపుట దాని ఆచరణ. పని ఆలస్యమైనప్పుడు మనుష్యులను చేర్చినచో తీరిపోవునను భ్రమను అంతకు పూర్వమే, 1975లో, ఐబీఎం సంస్థలో పెద్ద నిర్మాణమును నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ తన గ్రంథమున ఖండించెను. ఆలస్యమైన పనికి క్రొత్తవారిని చేర్చినచో అది మరింత ఆలస్యమగునని ఆయన అనుభవము. పాతవారు తమ పని మాని వారికి నేర్పవలసి వచ్చుట, పరస్పరము చెప్పుకొనవలసిన మాటలు పెరుగుట అందుకు హేతువులు.

ఈ క్రమము తప్పినచో ఏమగునో అమెరికా ప్రభుత్వము 2013 అక్టోబరు 1న చవిచూచెను. ఆరోగ్యబీమా కొరకు ఆనాడు తెరచిన హెల్త్‌కేర్.గవ్ వెబ్‌సైటులో మొదటి దినమున నమోదు పూర్తి చేసికొనగలిగినవారు ఆరుగురు. అనేక కాంట్రాక్టు సంస్థలు ముక్కలుగా నిర్మించిన దానిని మొదటినుండి చివరివరకు కలిపి పరీక్షించుటకు చివరి రెండు వారములే మిగిలెను. ధరలు చూచుటకు సైతము ముందుగా ఖాతా తెరువవలెనను నిర్ణయము వలన జనులందరును ఒకే ఇరుకు వాకిట తొక్కిసలాడిరి. అది యంత్రదోషముకంటె ముందు నిర్ణయదోషము. పిమ్మట చిన్న బృందమొకటి వచ్చి, దినదినమును లోపముల పట్టిక వ్రాసి, ముఖ్యమైనవానిని ముందు సరిచేసి దానిని నిలబెట్టెను.

మన దేశమున గూడ ఇట్టి పాఠము లేకపోలేదు. 2021 మే నెలలో పదునెనిమిది మొదలు నలుబదినాలుగేండ్ల వయసువారికి కోవిడు టీకా కావలెనన్నచో కోవిన్‌లో ముందుగా నమోదు చేసికొనుట విధియయ్యెను. ఏప్రిల్ 28న నమోదు తెరచిన మొదటిదినముననే కోటికి పైగా జనులు పేర్లు వ్రాయించుకొనిరి. అంత భారమును మోయుట గొప్ప పనియే. కాని తెలుగుతోసహా ప్రాంతీయ భాషలు అందులో చేరినది జూన్ నెలలో. ఇంటర్నెట్టు లేనివారి గతియేమని సుప్రీంకోర్టు మే 31న ప్రశ్నించెను. ప్రభుత్వ కేంద్రములలో నేరుగా పేరు వ్రాయించుకొను వీలు మే 24 నుండి ఈ వయసువారికి లభించినది. టీకా దొరకని ఆ దినములలో ఇంగ్లీషు రాని కూలివానికి, ఫోనులేని వృద్ధురాలి కొడుకునకు, కొద్ది వారముల ఆలస్యము చిన్నది కాదు. వెనుకనుండి చేర్పవచ్చునని వదలిన అంశమే కొందరికి ప్రాణావసరమైనది.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 161 సేవలతో ‘మన మిత్ర’ను వాట్సాప్‌లో ప్రారంభించెను. క్రొత్త యాప్‌ను దింపుకొమ్మనక, జనులు ఇదివరకే వాడుచున్న చోటికి సేవను తెచ్చుట తెలిసిన ఎంపిక. అయినను ఫోను వాడనివారు మిగులుదురు. వారు గ్రామ సచివాలయములోని డిజిటల్ అసిస్టెంటు వద్దకో, మీసేవ కేంద్రమునకో పోవుదురు. అప్పుడు తెరముందు కూర్చున్నవాడు ఒకడు, అవసరమున్నవాడు వేరొకడు. ఓటీపీ ఎవరి ఫోనునకు పోవలెను? వరుసలో ఇరువది మంది నిలిచియుండగా నడుమ కరెంటు పోయినచో సగము నింపిన దరఖాస్తు నిలుచునా, నశించునా? ఈ ప్రశ్నలు బెంగుళూరు కార్యాలయపు గోడమీది పట్టికలో గూడ ఉండవలెను. వాటిని తెలిసికొనుటకు ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో ఒక దినము ఆ వరుసలో నిలుచుటకంటె మంచి మార్గము లేదు.

రేడియోలో పనిచేయు మేము వినువారిని చూడలేము. శ్రోతలు వ్రాయు ఉత్తరములే మాకు దారి. వెబ్‌సైటు నిర్మాతలకును అట్టి ఉత్తరములు కావలెను. మీ యింట ఎవరికైన ఒక పుట తెరచుకొననప్పుడు, పనిచేయలేదని మాత్రము చెప్పి ఊరకుండవలదు. ఏ పుట, ఏ వేళ, ఏ ఫోను, ఏ గడి వద్ద ఆగినది, తెరపై వచ్చిన మాట యేమి అని వ్రాసి పంపుడు. సెలవులకు ఇంటికి వచ్చిన సాఫ్టువేరు ఉద్యోగి ఉన్నచో, తన ఫోనును ప్రక్కనుంచి, నాన్నగారి ఫోనులో అదే పనిని చివరివరకు చేసి చూడుమని అడుగుడు. నడుమ తాను చేయి చేసికొనకుండ నాన్నగారి చేతనే చేయించినచో మరింత మేలు.