మ్రోతలేని తుపాకి

రాత్రి రెండవ జామున దుర్గి పొలిమేరలోని ఒక చేనిలో తుపాకి ప్రేలినదనుకొందము. మంచెమీద కునుకుచున్న కావలివాడు ఉలికిపడి లేచును. ఊరికుక్కలు మొరుగును. మొక్కజొన్నలో దూరిన అడవిపందుల గుంపు కొండవైపునకు పరుగెత్తును. ప్రక్కచేని రైతు లాంతరు పైకెత్తి "ఎవరది?" అని కేకవేయును. ఒక్క మ్రోత ఇందరిని మేల్కొలిపినది. మరియొక రాత్రి అదే తుపాకి మ్రోతలేక ప్రేలినదనుకొందము. ఎవ్వరును మేల్కొనరు. ఏమి జరిగినదో తెల్లవారినను తెలియకపోవచ్చును. ఈ రెండు రాత్రులకుగల భేదమును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచినాము.

మ్రోతను తగ్గించు సాధనము ఊహ కాదు. మోటారుబండి పొగగొట్టమునకు అమర్చు సైలెన్సరును మనమందరము ఎరుగుదుము. తుపాకి మూతికి తగిలించు సైలెన్సరు దానికి తోబుట్టువువంటిది. అమెరికా దేశీయుడగు హైరం పెర్సీ మాక్సిం 1909లో దీనికి పేటెంటు పొందెను. ఆయన తండ్రి హైరం స్టీవెన్సు మాక్సిం ఎడతెగక తూటాలు కురిపించు మరతుపాకిని 1884లో నిర్మించినవాడు. ఏండ్లతరబడి ఆ తుపాకుల చెంత నిలిచి ఆ తండ్రి తన వినికిడిని చాలవరకు పోగొట్టుకొనెను. తండ్రి చెవిని హరించిన మ్రోతను కుమారుడు గొట్టములో బంధింపబూనెను. ఆ కుమారుడే 1914లో అమెరికాలోని ఔత్సాహిక రేడియోవారిని ఒక సంఘముగ కూర్చినవారిలో ముఖ్యుడు. ఒక చేత శబ్దమును అణచి, వేరొక చేత సందేశములను దూరదూరములకు పంపిన ఈ మనుష్యుని రేడియో శ్రోతలు గుర్తుంచుకొనదగును.

తుపాకి మ్రోత చెవికి ఒకటిగనే తోచినను, అందు మూడు ధ్వనులు కలసియున్నవి. గొట్టములో మందు అంటుకొనగానే పుట్టిన వేడివాయువు గుండును ముందునకు నెట్టి, దాని వెంటనే మూతినుండి వెలువడి, బయటిగాలిని ఒక్కసారిగ మోదును. ఇది మొదటిది, అన్నిటికంటె పెద్దది. రెండవది గుండు చేయు చప్పుడు. ధ్వని గాలిలో సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. వేటరైఫిళ్ళ గుండు సాధారణముగ 800 మీటర్ల వేగమున పోవును. ధ్వనిని మించి పోవు వస్తువు గాలిని చీల్చునపుడు కొరడా ఝళిపించినట్లు చెళ్ళుమని మ్రోగును. మూడవది ఇనుపభాగములు ఒండొంటికి తగులు చప్పుడు.

సైలెన్సరు అణచగలిగినది మొదటిదానినే. అందు అడ్డుబిళ్ళలతో వేరుచేసిన చిన్న చిన్న గదులుండును. గుండు నడిమి రంధ్రము వెంట సూటిగ పోవును. వేడివాయువు మాత్రము గదినుండి గదికి వ్యాపించి, వేడిని, వేగమును కొంత కోల్పోయి, మెల్లగ వెలికి వచ్చును. చెరువుకట్ట తెగి దూకిన నీటికిని, తూముగుండ పారిన నీటికిని గల భేదమువంటిదే ఇదియును. గుండు చీల్చిన గాలి చెళ్ళుమనుట మాత్రము తగ్గదు. కావున సినిమాలలో చూపునట్లు రైఫిలు 'తుస్సు'మని ఊరకుండునని తలపరాదు. వేటరైఫిలు మ్రోత సుమారు 160 డెసిబెలులు. సైలెన్సరు దానిని 20 మొదలు 30 డెసిబెలుల వరకు తగ్గించును. 30 డెసిబెలులు తగ్గుట యనగా ధ్వనిశక్తి వేయింట ఒకవంతగుట. అయినను మిగిలినది సమ్మెటదెబ్బకు తీసిపోదు.

ఈ తగ్గుదల చెవికి గొప్ప ఉపకారమని మేము ఒప్పుకొనక తప్పదు. లోచెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన భాగమున సన్నని కేశకణములు వేలకొలది కలవు. శబ్దమును నరములకు అందించునవి అవియే. 140 డెసిబెలులు దాటిన ఒక్క మ్రోతయే వానిని శాశ్వతముగ చెరుపజాలును. చచ్చిన కేశకణము మరల మొలవదు. మొదట చెవిలో ఈలవంటి కూత. పిదప పిల్లల మాటలలో కొన్ని హల్లులు జారిపోవుట. తుదకు రేడియో గొంతు పెంచుమని ఇంటివారిని విసిగించుట. మ్రోతవలన వచ్చు చెవుడు ఇట్లే అడుగులో అడుగు వేయుచు వచ్చును. ఈ మాట తుపాకి పట్టినవారికే కాదు, రాతిపనివారికిని చెల్లును. దుర్గి శిల్పములు నేడు భౌగోళిక గుర్తింపు పొందినవి. ఆ శిల్పములను మలచు చేతులను మెచ్చుకొను మనము, దినమంతయు ఉలిదెబ్బలు వినుచున్న ఆ చెవులను తలచుట లేదు.

ఫిన్లాండు, నార్వే వంటి దేశములలో వేటగాండ్రు సైలెన్సరును సామాన్యముగ వాడుదురు. తమ చెవులును, వెంటనున్న వేటకుక్కల చెవులును చెడకుండుటకు, అడవిచెంత కాపురముండువారికి ఇబ్బంది కలుగకుండుటకు అది వారికి తోడ్పడుచున్నది. అట్లయినచో మనమును తెచ్చుకొనరాదా యని అడుగువారుందురు. అడుగవలసిన ప్రశ్నయే. అయితే అచట వేట చట్టసమ్మతము. ఏ జంతువును ఏ కాలమున కొట్టవచ్చునో ముందుగ నిర్ణయింపబడియుండును. వేటగాడు పరీక్షలో నెగ్గి, అనుమతి పొంది, పగటివేళ పదిమంది ఎరుగ అడవికి పోవును. అతడు దాచవలసినది ఏమియు లేదు గనుక, అతని తుపాకి మెల్లగ మ్రోగినను లోకమునకు నష్టము లేదు.

మన స్థితి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించిన పిమ్మట మన దేశమున వినోదపువేటకు తావు లేదు. 1959 ఆయుధచట్టము ఇంకను ముందే ఒక మెలకువ చూపినది. తుపాకి మ్రోతనుగాని మెరుపునుగాని తగ్గించుటకు చేసిన పరికరమును అది 'తుపాకి' యను నిర్వచనములోనే చేర్చినది. అనగా లైసెన్సు లేక ఆ ఉత్తగొట్టము ఒక్కటి ఇంట దాచుకొన్నను, చట్టము దృష్టిలో తుపాకి దాచినట్లే. ఇందులోని వివేకము మాచర్ల దాటి నల్లమలవైపునకు పోయినవారికి తెలియును. కృష్ణకు ఇరుగడల వ్యాపించిన నాగార్జునసాగర్–శ్రీశైలము అడవి 1978లో అభయారణ్యమై, 1983లో పులుల పరిరక్షణ పథకమున చేరినది. అంతటి అడవిని కాచువారు కొలదిమంది. చీకటిలో వారికి కంటికంటె చెవియే దిక్కు. సైలెన్సరు తగిలించిన రైఫిలు ప్రేలినపుడు గుండు చేయు చప్పుడు వినబడవచ్చును గాని, కాల్చినవాడు ఏ దెసను నిలిచెనో పోల్చుట కష్టము. మెకమునకును, కాపరికిని ఉన్న ఒక్క సాక్షి నోరు అట్లు మూతపడును.

మ్రోతలేని వేట ఈ సీమకు క్రొత్తది కాదు. చెంచుల విల్లును చప్పుడు చేయదు. కాని అది వేటగాని ఓర్పును, అడుగుల మెలకువను కోరును. మెకమునకు చేరువగ పోనిది బాణము పనిచేయదు. నేటి మ్రోతలేని వేట అట్టిది కాదు. ఉచ్చు పన్నినవాడు ఇంట నిద్రించును. చేనిగట్టున కరెంటుతీగ లాగినవాడును నిద్రించును. ఆ తీగ అడవిపందిని, దుప్పిని, చిరుతపులిని, ప్రక్కచేనికి నీరు పెట్టబోవు రైతును ఒక్కతీరుగనే చంపును. అరచుటకైనను వ్యవధి ఈయదు. నిశ్శబ్దమైన ఆయుధమునకు తగినవాడెవడో కానివాడెవడో తెలియదు.

ఇక పంట కాచుకొనవలసిన రైతు సంగతి చూతము. అతని బాధ కల్ల కాదు. ఏడాది శ్రమ ఒక్కరాత్రి పందుల పాలగుట అతని కండ్లయెదుట జరుగుచున్నది. అయితే అతనికి కావలసినది మ్రోతలేని తుపాకియా? డబ్బాలు వాయించుట, డప్పు కొట్టుట, వడిసెల త్రిప్పుచు కేకలు వేయుట, టపాకాయలు కాల్చుట మొదలగు అతని ఉపాయములన్నియు చప్పుళ్ళే. 1959 చట్టము నిజమైన పంటకావలి నిమిత్తము మూతినుండి మందు దట్టించెడి తుపాకికి లైసెన్సు ఇచ్చు ఏర్పాటును చేసినది. అట్టి తుపాకియు మ్రోతచేతనే ఎక్కువ పని చేయును. సైలెన్సరు రైతునకు ఉపయోగపడు భాగమును తీసివైచి, దొంగవేటగానికి ఉపయోగపడు భాగమును మాత్రము మిగుల్చును.

లైసెన్సు తుపాకికే గాని మెకము ప్రాణమునకు కాదనియు మరువరాదు. పంటను పాడుచేయు జంతువును కొట్టవలసివచ్చినచో, వన్యప్రాణి చట్టము 11వ సెక్షను క్రింద అధికారము గల అటవీశాఖాధికారి కారణములు వ్రాసి ఉత్తరువు ఈయవలెను. పంటనష్టమునకు ఆ శాఖవారికి అర్జీ పెట్టుకొనుటయు, చేలకు కంచె వేసికొనుటయు రైతునకున్న త్రోవలు. ఇవి మెల్లని త్రోవలని రైతు విసుగుకొనుట మేము ఎరుగనిది కాదు. అర్జీ త్వరగ కదలినచో కరెంటుతీగ లాగువారు తగ్గుదురని అధికారులును ఎరుగవలెను.

చెవుల మాట మిగిలినది. తుపాకి మూతిని మూయకయే చెవిని కాచుకొనవచ్చును. మందులషాపులలో దొరకు మెత్తని బిరడాలను చెవిరంధ్రమున సరిగ అమర్చినచో 20 డెసిబెలులకు పైగా తగ్గును. చెవులను నిండుగ కప్పు తొడుగులను వానిపై ధరించినచో ఇంకను మేలు. ఉత్తదూది చాలదు. కాల్చువాని ప్రక్కను పిల్లలను నిలుపరాదు. టపాకాయ కాల్చు కావలివాడును, ఉలిపట్టు శిల్పియు, కోతయంత్రము నడుపువాడును ఈ చిన్న ఖర్చునకు వెనుకాడరాదు.

మ్రోత చెవికి శత్రువే. కాని ఊరికి కావలి. చెవిని మన చేతనే కాచుకొని, ఆ కావలివానిని వాని పని చేయనిత్తము. రాత్రివేళ పొలిమేరలో తుపాకి ప్రేలినచో దుర్గి నిద్రలేచి "ఎవరది?" అని అడుగగలుగుచుండవలెను.