పరీక్ష భయం వెనక ఉన్న భయం

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగం)



పోయిన ఏడాది మా మండలంలో పదో తరగతి పిల్లలతో కూర్చుని మాట్లాడాం. పరీక్షలంటే ఎందుకంత భయమని అడిగితే మగపిల్లలు "నాన్న కొడతాడు", "ఫ్రెండ్స్ ఎగతాళి చేస్తారు" అన్నారు. ఆడపిల్లలు చాలాసేపు నోరు విప్పలేదు. చివరికి ఒకమ్మాయి అంది: "లెక్కలు తప్పితే నాకు పెళ్లి చేసేస్తారు మేడమ్. మా అక్కకి అలాగే చేశారు."

ఆ అమ్మాయికి నెల రోజులుగా నిద్ర లేదు. అన్నం సయించదు. ఊరికే కడుపునొప్పి. ఇంట్లోవాళ్లు మాత్రం బడి ఎగ్గొట్టడానికి నాటకాలంటున్నారు. అబ్బాయి తప్పితే మళ్లీ ఫీజు కడతారు. అమ్మాయి తప్పితే చదువే మాన్పిస్తారు. ఆమెది పరీక్ష భయం కాదు, బతుకు భయం.

ఇంతా చేసి ఆ మార్కులైనా నమ్మదగ్గవేనా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఆ ఫలితాల్లోనే తెలుగులో సున్నా వచ్చిందన్న ఒకమ్మాయికి పేపరు మళ్లీ చూస్తే 99 మార్కులున్నాయి!

విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వెళ్లి చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి తండ్రి న్యాయం కోసం పోరాడాడు. ఆ కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో భాగమంది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. మన ఊరి హైస్కూల్లో ఉన్నారా? వెళ్లి అడగాల్సింది మనమే.

కానీ గడప లోపలి భయం కోర్టు తీర్పుతో పోదు. అందుకే మేం పరీక్షలకు ముందే ఇల్లిల్లూ తిరిగాం. "ఫలితం ఏదైనా నీ చదువు ఆపం" అని పిల్ల ఎదుటే చెప్పమని తల్లిదండ్రుల్ని అడిగాం. ఆ అమ్మాయి తండ్రి మాట్లాడలేదు. తల్లి చెప్పింది.

అమ్మాయి లెక్కలు తప్పింది. ఆ సాయంత్రం మేం వాళ్లింట్లోనే ఉన్నాం. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరమని తండ్రికి చెప్పాం. సప్లిమెంటరీ గడువు గుర్తు చేశాం. మర్నాడు తల్లే బడికెళ్లి ఫీజు కట్టింది.

ఫలితాల రోజున ఏ పిల్లా ఒంటరిగా ఉండకూడదు. టెలీమానస్ 14416, చైల్డ్‌లైన్ 1098 నంబర్లు ప్రతి బడి గోడ మీదా రాయిద్దాం. ఆ సాయంత్రం మీరు ఏ ఇంటికి వెళ్లాలో ఇవాళే రాసుకోండి.